యాభై తొమ్మిది శాతం

ఏడు. కారు తెర మీద ఆ బ్యాటరీ అంకె ఎర్రబడి పావుగంట అయింది, కొండ మాత్రం అయిపోవడం లేదు, ఏసీ ఆపేశాను, రేడియో ఆపేశాను, ఊపిరి కాస్త తక్కువగా పీలిస్తే కారుకి బరువు తగ్గుతుందేమో అన్నంత దాకా వచ్చాక, మలుపు తిరగగానే ఒక టైర్ల కొట్టు, దాని పక్కన పచ్చ రంగు రేకుల కప్పు, కప్పు కింద నాలుగు చార్జింగ్ స్తంభాలు కనిపించి ప్రాణం లేచివచ్చింది. నాలుగున్నాయి కదా అని సంబరపడ్డానే గాని, మొదటిదాని తెర చచ్చిపోయి నల్లగా ఉంది, రెండోదానికి ఎవరో పసుపు టేపు చుట్టి పోయారు, మూడోదాని దగ్గర ఒక తెల్లకారు కడుపు నిండి, నూటికి నూరు చూపిస్తూ, వైరు నోట్లో పెట్టుకునే నిద్రపోతోంది. నాలుగోది ఖాళీ. కారు కొన్నరోజే మా ఆయన నా ఫోనులో మూడు యాప్‌లు ఎక్కించి, "దారిలో ఏ కంపెనీ స్తంభం తగిలితే ఆ యాప్ తెరువు" అని పరీక్షకి పోయే పిల్లకి చెప్పినట్టు రెండుసార్లు చెప్పాడు, ఆయన హెడ్‌మాస్టరు, ఇంట్లో కూడా హెడ్‌మాస్టరే. మొదటి యాప్ ఈ స్తంభం నాది కాదంది. రెండోది నాదేనని నంబరు అడిగింది, ఓటీపీ పంపానంది, ఆ ఓటీపీ ఏ కొండ చాటున ఆగిందో రాదు. ఫోను నెత్తి మీదికెత్తి పట్టుకుని టైర్ల కొట్టు వైపు నడుస్తుంటే, కొట్టాయన కూర్చున్న టైరు మీంచి లేవకుండానే "ఇంకో నాలుగడుగులమ్మా, అందరికీ అక్కడే వస్తుంది" అన్నాడు. నాలుగడుగులు వేశాను. వచ్చింది. తిరిగి పరుగెత్తి, తడిసిన దుప్పటంత బరువున్న ఆ వైరుని రెండు చేతులా ఎత్తి కారుకి తగిలిస్తే లోపల ఎక్కడో టక్కుమంది, పచ్చదీపం వెలిగింది, ఏడు ఎనిమిదైంది, నేను తలుపు తీసి పక్కకి కూర్చుని కాళ్ళు నేల మీద పెట్టుకుని ఉత్తినే నవ్వుకున్నాను.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గమ్యం చేరడానికి ఎనభై శాతం కావాలంది కారు. ఎనభై అవడానికి గంటా నలభై నిమిషాలు పడుతుందంది స్తంభం. ఇప్పుడు పన్నెండుకి పాతిక తక్కువ. ఎనభై అయ్యేసరికి ఒంటిగంటంపావు, ఆ తరవాత నూటయాభై కిలోమీటర్లు, ఎంత తొక్కినా రెండు గంటల పైమాటే, అంటే మూడుంపావు దాటుతుంది, మూడింటికి పెళ్ళి. రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్కో జంటకి పావుగంటేనట, తమ్ముడు చెప్పాడు, నలభై ఏళ్ళ వాడు చిన్నపిల్లాడిలా "అక్కా, నువ్వు రాకపోతే మూడో సాక్షి సంతకం ఎవరో గుమస్తా చేస్తాట్ట, బాగుండదే" అన్నాడు. పెళ్ళి మా అమ్మది. అమ్మకి డెబ్బై ఒకటి. ఈ మాటని ఇలా తిన్నగా లోపల అనుకోగలగడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అయిదు నెలల కిందట వంటింటి బల్ల దగ్గర అమ్మ బఠాణీలు ఒలుస్తూ, గింజల వైపే చూస్తూ, "నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానే" అంది, కొత్త పరదాలు కొందామనుకుంటున్నానే అన్నట్టు. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది, గుర్తులేకపోతే బాగుండేది. "ఈ వయసులోనా? నలుగురూ నవ్వుతారమ్మా" అన్నాను. అమ్మ ఒక గింజ నోట్లో వేసుకుని, "నవ్వనీ. వాళ్ళు నవ్వడానికేగా నువ్వు పళ్ళు కట్టేది" అంది. ఆ జవాబుకి ఇప్పుడైతే పడీపడీ నవ్వుతాను గానీ, ఆ పూట బ్యాగు భుజాన వేసుకుని లేచి వచ్చేశాను.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టరుని కాను, పేషెంట్లు నా మొహం చూడరు, నేను వాళ్ళ మొహాలు చూడను, డాక్టర్ల దగ్గర్నుంచి ప్లాస్టర్ అచ్చులు డబ్బాల్లో వస్తాయి, ఒక్కోదాని మీద ఒక నంబరు. ఇరవై మూడేళ్ళుగా గులాబీరంగు మైనం కరిగిస్తూ, అందులో ఒక్కో పన్నూ నిలబెడుతూ, ఊళ్ళో సగంమంది చిగుళ్ళు నాకు తెలుసు, మనుషులు తెలీదు. పద్నాలుగు. పదిహేను. ఈ అంకెలు కూడా అలాగే ఉన్నాయి, చూస్తున్నంతసేపూ కదలవు, అటు తిరిగి ఇటు తిరిగితే ఒకటి మొలుస్తుంది. రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు. ఎదురుగా నీళ్ళ ట్యాంకు, దాని నిచ్చెనకి ఎవరో ఆరేసిన నీలం చొక్కా, ఆ చొక్కా గాలికి చేతులూపుతుంటే అమ్మ కొట్టు గుర్తొచ్చింది. అమ్మది బట్టలు సరిచేసే కొట్టు, కొత్తవి కుట్టదు, పొడుగైనవి పొట్టి చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. బస్సు డిపో పక్కనే కొట్టు కాబట్టి డ్రైవర్ల యూనిఫారాలన్నీ అక్కడికే వచ్చేవి. వాళ్ళలో ఒకాయన రిటైరయ్యాక కూడా వస్తూనే ఉన్నాడు. ఒక ప్యాంటు తెచ్చి పొడవు తగ్గించమనేవాడు, మూడు వారాల తరవాత అదే ప్యాంటు తెచ్చి పొట్టిగా అనిపిస్తోంది, మడత విప్పమనేవాడు. కొట్టులో పనిచేసే ఆవిడ ఆయనకి ప్యాంట్లాయన అని పేరు పెట్టింది. అమ్మ ఫోనులో నాతో "ఇవాళ మళ్ళీ ప్యాంట్లాయన వచ్చాడే, ఈసారి నడుము" అని చెప్పేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. రెండేళ్ళు నవ్వుకున్నాం. ఆ నవ్వులో అమ్మ నవ్వు వేరు, నా నవ్వు వేరు అని నాకు తట్టనేలేదు, అంత తెలివైనదాన్ని నేను.

ఇంకా విచిత్రం, అమ్మ పెళ్ళాడబోయే ఆ ప్యాంట్లాయన నోరు నాకు ముందే తెలుసు. కిందటేడు మా డాక్టరుగారి దగ్గర్నుంచి రెండువందల పద్నాలుగో నంబరు అచ్చు వచ్చింది, పైవరస మొత్తం కట్టాలి. దాంతోపాటు ఒక చీటీ, "పేషెంటు కోరిక: ముందుపళ్ళలో ఒకటి మునుపటిలాగే కొంచెం వంకరగా ఉండాలి, లేకపోతే తనవాళ్ళు గుర్తుపట్టరంటున్నాడు" అని. ఇన్నేళ్ళలో వంకర కావాలని అడిగిన మనిషిని చూడలేదు నేను, అందరూ సినిమావాళ్ళ పళ్ళు కావాలంటారు. ఆ పన్ను కోసం రెండు రోజులు కూర్చున్నాను, కొంచెం తిప్పితే దొంగ పళ్ళలా ఉంది, తిప్పకపోతే చచ్చిన పళ్ళలా ఉంది, చివరికి ఒక సూదిమొన అంత పక్కకి జరిపితే ఒక్కసారిగా అచ్చు మొత్తం మనిషై నా వైపు చూసింది. కుడివైపు దవడ ఎక్కువగా అరిగి ఉంది, కోపం దిగమింగేవాళ్ళకి అలా అరుగుతుంది, లేదా ముప్పై ఏళ్ళు ట్రాఫిక్‌లో కూర్చున్నవాళ్ళకి. ఎవరో మంచి మనిషై ఉంటాడు అనుకుని డబ్బా మూత పెట్టేశాను. బఠాణీల పూట, నేను గుమ్మం దాటుతుంటే అమ్మ వెనకనుంచి అంది, "ఆయన పళ్ళు నువ్వే కట్టావు, తెలుసా? నేనే పంపించాను మీ డాక్టరు దగ్గరికి." మంచి మనిషని నాకు నేనుగా అనుకున్నవాణ్ణి అయిదు నెలలపాటు చెడ్డవాణ్ణి చెయ్యడానికి నేను పడ్డ కష్టం ఇంతా అంతా కాదు.

ముప్పై ఒకటి దగ్గర ఒక చిన్న నీలంకారు వచ్చి ఆగింది. అందులోంచి పొట్టి జుట్టు పిల్ల దిగింది, ముప్పై ఏళ్ళుంటాయి, నల్లచొక్కా, నల్లనిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, మెళ్ళో ఈల. చచ్చిన తెరని ఒకసారి, టేపుని ఒకసారి, తెల్లకారుని రెండుసార్లు చూసి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఎంతదాకా పెట్టుకుంటారు?"

"ఎనభై."

ఆమె చేతి గడియారం చూసుకుంది, పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది, మొహం వాడిపోయింది, అయినా "పర్లేదులెండి" అంది. ఫుట్‌బాల్ రెఫరీ అట. నాలుగింటికి ఆట. కారులో నాలుగు శాతం ఉంది. "ఇరవై రెండుమంది బూట్లు కట్టుకుని కూర్చుంటారు, నేను వెళ్ళకపోతే బంతి కదలదు, నన్ను తిట్టడానికి కూడా నేనే ఉండాలి కదా" అంది. పాపం అనిపించింది, ఎక్కడ నన్ను అడిగేస్తుందో అని భయం కూడా వేసింది, నేను ఫోను చూస్తున్నట్టు తల దించుకున్నాను. ఆమె అడగలేదు. రేకుల కప్పు వెనకున్న భోజనశాల గుమ్మందాకా వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, ఈల ఊదింది. ఏం ఊదిందో గాని లోపల చెంచాల చప్పుడు ఆగిపోయింది, వరుసలో నిలబడ్డవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు, ఒక పెద్దాయన నోట్లో ముద్దతో రెండు చేతులూ పైకెత్తాడు. "తెల్లకారు ఎవరిదండీ?" ఎవరిదీ కాదట. ఆ కారు యజమాని తినడానికి రాలేదు, ఎక్కడికెళ్ళాడో ఎవరికీ తెలీదు. ఆమె తిరిగొచ్చి స్తంభం గట్టు మీద నా పక్కనే కూర్చుంది. "ఎర్రకార్డు ఇచ్చేదాన్ని, మనిషి కనపడితే" అంది. ఇద్దరం నవ్వాం. మీరెక్కడికి అంది. "పెళ్ళికి." "ఎవరిదక్కా?" ఒక్క క్షణం దగ్గరివాళ్ళది అనబోయాను, ఏ ఊరో తెలియని ఈ పిల్లతో కూడా అబద్ధమెందుకనిపించింది. "మా అమ్మది." నేను ఆమె మొహం వంకే చూస్తున్నాను, ఆ నలుగురూ అన్నవాళ్ళలో మొదటి మనిషి ఈమే కదా, ఎలా నవ్వుతుందో చూద్దామని. "అబ్బ! ఎంత బాగుందో" అంది, బూటు లేసు బిగించుకుంది, అంతే. అయిదు నెలలు నేను భయపడ్డది ఇందుకా.

ఆమె లేచి తన కారు చుట్టూ నడవడం మొదలుపెట్టాక నేను నా లోపలికే పోయాను. నలభై మూడు. నాన్న పోయి ఎనిమిదేళ్ళు. నాన్న మెత్తటివాడు, తలుపులు కూడా చప్పుడవకుండా వేసేవాడు, ఈ సంగతి తెలిస్తే ఆయన ఏమనేవాడని ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో, ప్రతిసారీ ఆయన ఏమీ అనకుండా పేపరు పేజీ తిప్పుతున్నట్టే కనిపించేవాడు. ఆయనకి లేని అభ్యంతరం నాకెందుకు? రెండు నెలలకోసారి ఆ ఇంటికి వెళ్ళి, నాన్న కుర్చీలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, అమ్మ చేతి వంట తిని, ఏదీ మారలేదని కళ్ళారా చూసుకుని, సాయంత్రం బస్సెక్కేదాన్ని. నేను వెళ్ళిపోయాక ఆ ఇంట్లో దీపం ఎన్నింటికి ఆర్పుతుందో, ఎవరితో మాట్లాడుతుందో, ఒక్కతే తింటుందో తినదో నాకు తెలీదు. నాకు అక్కర్లేకపోయింది. నా కోసం ఒక ఇల్లు ఎప్పటిలాగే ఉండాలి, దానికి కాపలా అమ్మ. ఇదీ నా అభ్యంతరం. ఇంత చిన్నది. పైకి మాత్రం నాన్న పేరు చెప్పాను.

మూడు వారాల కిందట అమ్మ దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది, విప్పకుండా బీరువా మీద పడేశాను. ఇవాళ పొద్దున్న అయిదున్నరకి మెలకువ వచ్చి, ఇంక పడుకోలేక, స్టూలెక్కి దాన్ని దించాను. ముదురాకుపచ్చ కోటు. అమ్మ కొత్తవి కుట్టదు కదా, ఇది కుట్టింది. కొలతలు ఎవరిచ్చారో, ఈ మధ్య నేను ఒళ్ళు చేసిన సంగతి ఎవరు చెప్పారో, తొడుక్కుంటే భుజాలు, నడుము, చేతులు అన్నీ సరిపోయాయి. లోపల కుట్లు తిరగేసి చూశాను, ప్రతి కుట్టులోనూ రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి వదిలింది, ముందు ముందు ఇంకా లావైతే విప్పుకోవడానికి. చీటీ లేదు, రా అని లేదు, రాకపోయినా పర్లేదని లేదు. అద్దం ముందు అలాగే నిలబడిపోతే మా ఆయన పక్క మీంచే ఒక కన్ను తెరిచి "కారు చార్జింగ్ పెట్టలేదు, సగమే ఉంది, దారిలో ఆగాల్సొస్తుంది" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. అప్పుడప్పుడు ఆయన హెడ్‌మాస్టరు కాకుండా ఉంటాడు.

యాభై ఆరు. పన్నెండూ ముప్పై నాలుగు. యాభై దాటాక అంకెలు మరీ బద్ధకించాయి. ఇక లాభం లేదు, కనీసం బయల్దేరానన్న మాటైనా అమ్మ చెవిన వెయ్యాలి, అయిదు నెలల తరవాత మొదటిసారి ఆ నంబరు నొక్కాను. మగగొంతు ఎత్తింది.

"హలో, ఆవిడ లోపల జుట్టు సర్దించుకుంటున్నారండీ. ఎవరు మాట్లాడేది?"

"నేను... కూతుర్ని."

అటుపక్క కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. లేచి నిలబడ్డాడు. ఫోనులో మాట్లాడటానికి ఎందుకు నిలబడతారు ఎవరైనా?

"చెప్పండమ్మా... చెప్పు తల్లీ. అంతా కులాసానా?"

"నేను వస్తున్నాను. చార్జింగ్ కోసం ఆగిపోయాను, కొండ మీద. ఎనభై కావాలంటోంది కారు, ఇంకా యాభై ఆరే. మూడింటికి అందుకోలేనేమో."

"కొండ మీదంటే... ఎదురుగా నీళ్ళ ట్యాంకు, పక్కన టైర్ల కొట్టు?"

"అవును."

"అక్కణ్ణించి ఇరవై ఆరు కిలోమీటర్లు దిగుడేనమ్మా. ముప్పై ఒక్క ఏళ్ళు దింపాను బస్సుని ఆ దారిలో. బ్రేకు తొక్కీ తొక్కీ కింద ఊరు చేరేసరికి చక్రాల దగ్గర పొగలొచ్చేవి. మీ కార్లలో బ్రేకు వేస్తే కరెంటు వెనక్కొస్తుందటగా?"

"వస్తుందంటారు. ఈ కారుతో నేనెప్పుడూ కొండ దిగలేదు."

"మరింకేం. ఎక్కి వచ్చిన కొండని పట్టుకుని చెప్తోందమ్మా అది ఎనభై అని, ముందు దిగుడుందని దానికేం తెలుసు. కొండ దిగాక మాదాకా చదునే, ఒక్క వంతెన తప్ప ఎత్తు లేదు. యాభై తొమ్మిది అవగానే బయల్దేరు. స్పీడు డెబ్బై దాటనివ్వకు, తొందరపడకు. ఒకవేళ అయిదు నిమిషాలు ఆలస్యమైందనుకో, నేను ఆఫీసరు ముందు కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోతాను. ముసలాణ్ణి, వెతుక్కుంటే ఎవరేమంటారు?" కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "మీ అమ్మకి చెప్పనా, నువ్వే చెప్తావా?"

"మీరే చెప్పండి." పెట్టేసేముందు ఏదో ఒకటి పిలవాలి ఆయన్ని, ఏమని పిలవను, అమ్మ భర్తకి మన భాషలో ఉన్న మాట ఒక్కటే, ఆ మాట నాన్నతోనే పోయింది, అది ఇవ్వలేను. అంతలో నోరే వెతుక్కుంది. బస్సెక్కిన ప్రతివాడూ డ్రైవరుని పిలిచే మాట. "వస్తాను బాబాయ్."

అటుపక్క ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

కారు ఎనభై అంటోంది, ఆయన యాభై తొమ్మిది అంటున్నాడు. ఇరవై ఒక్క శాతం తేడా. తప్పైతే నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది, నా కోసం పెళ్ళి ఆగదు. యాభై ఏడు. ఎవరిని నమ్మాలో ఆలోచిస్తున్నానని అనుకుంటూనే కోటు తీసి వెనక సీట్లో మడత పడకుండా పరుచుకున్నాను, అద్దం తుడుచుకున్నాను, చెప్పులు వేసుకున్నాను. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది అవగానే ఆపే బొత్తాం నొక్కాను. స్తంభం ఇంకా పూర్తి కాలేదు, ఆపమంటారా అని అడిగింది, ఆపమన్నాను, వైరు పీకేశాను. రెఫరీ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఎనభై అన్నారుగా అక్కా! నా కోసమైతే వద్దు, మీకు పెళ్ళి..."

"నీ కోసం కాదమ్మాయ్. మా బాబాయ్ ఇది చాలన్నాడు."

మా బాబాయ్. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆమె చేతికి వైరు అందించాను, ఓటీపీ ఎక్కడ వస్తుందో టైర్ల కొట్టు వైపు వేలెత్తి చూపించాను, ఆమె ఈల ఒక్కసారి చిన్నగా ఊది చెయ్యి ముందుకి చాపింది, ఆడండి అన్నట్టు.

కొండ అంచున రోడ్డు ఒక్కసారిగా కిందికి వంగింది. యాక్సిలరేటర్ మీంచి పాదం తీసేశాను. కారు తనంతట తాను నెమ్మదిస్తూ, సన్నగా మూలుగుతూ, ఎవరో వెనకనుంచి కోటు పట్టుకుని ఆపుతున్నట్టు దిగుతోంది. ఒక మలుపు. యాభై తొమ్మిదే. రెండు మలుపులు, కుడిపక్క లోయలో పొగమంచు విడిపోయి పొలాల గళ్ళు కనిపిస్తున్నాయి, వెనక లారీ హారన్ కొడితే పక్కకి జరిగి దారిచ్చాను. కళ్ళు రోడ్డు మీంచి తెర మీదికి, తెర మీంచి రోడ్డు మీదికి. అరవై. నేను తప్పు చూశాననుకున్నాను. ఇంకో పొడుగాటి దిగుడు, పక్కన గోడ మీద బస్సులు రాసుకుపోయిన ఎర్రరంగు గీతలు, ఆయన బస్సువి కూడా ఉండే ఉంటాయి. అరవై ఒకటి. పోతున్న కొద్దీ తరగాల్సింది పెరుగుతుంటే నేను కారులో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను, అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అరవై రెండు దగ్గర ఫోను మోగింది. స్పీకరు పెట్టాను. అమ్మ. నేను ఏదో మొదలుపెట్టబోయాను, క్షమించమనేమో, అమ్మ సాగనివ్వలేదు.

"ఎంతుందే ఇప్పుడు?"

"అరవై రెండు."

"యాభై తొమ్మిదితో బయల్దేరావన్నాడు ఈయన. వస్తుంటే పెరగడమేమిటే?"

"పెరుగుతోందమ్మా. నిజంగా."

అమ్మ వెనకాల ఆయన గొంతు, గర్వంగా, "చెప్పానా!" అంది. అమ్మ "చెప్పావులే, ముందు ఆ బొత్తాం పెట్టుకో" అంది ఆయనతో, ఎన్నాళ్ళుగానో అలవాటైన విసుగుతో, ఆ విసుగు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఆ ఇంట్లో మళ్ళీ విసుక్కోవడానికి ఒక మనిషి ఉన్నాడు. తరవాత ఫోను దగ్గరికి తెచ్చుకుని, జుట్టుకేసిన పిన్ను పళ్ళ మధ్య పట్టుకున్నట్టుంది, మాట ముద్దగా వచ్చింది.

"మెల్లగా రావే. నువ్వొచ్చేదాకా మేము ఎక్కడికీ పోము."

"సరేనమ్మా" అన్నాను. ముందు ఇంకో మలుపు. పాదం తీసేశాను.